ఇల్లు కొనడానికీ అమ్మడానికీ మంచి కాలం ఏది?



ప్రతి ఏటా రంజాన్ దగ్గరపడేసరికి జకాత్ లెక్క చూసుకోవడానికి మా సొసైటీ ఆఫీసుకు పెద్దలు చాలామంది వస్తుంటారు. లెక్క అయిపోయి లేవబోతూ ఒక ప్రశ్న వేస్తారు. "కాకినాడలో ఒక ఫ్లాట్ చూశాం. ఇప్పుడే కొనేయమంటారా, కొన్నాళ్లు ఆగమంటారా?" అని ఒకరు. "హైదరాబాద్‌లో ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నాం. ఏ నెలలో బేరం పెడితే మంచి ధర వస్తుంది?" అని మరొకరు. మేము బ్రోకర్లం కాదు, వకీళ్లం కాదు. అయినా ఇన్నేళ్లుగా మన కుటుంబాల కొనుగోళ్లు, అమ్మకాలు దగ్గరుండి చూస్తున్నాం కాబట్టి మాకు తెలిసినంతవరకు ఈ సంచికలో మీ ముందు ఉంచుతున్నాం. దీనికి, మీరిచ్చే విరాళాలకు సంబంధం ఏమిటో చివర్లో మీకే తెలుస్తుంది.

ముందు మన ఊరి లెక్కే చూద్దాం. ఉప్పలగుప్తంలో పుట్టినవారికి కాలానికీ ధరకూ ఉన్న ముడి ఒకరు చెప్పాలా? అందరూ ఒకేసారి దింపు తీస్తే కొబ్బరికాయ ధర దిగిపోతుంది. చెరువులన్నీ ఒకే వారంలో పట్టుబడికి వస్తే రొయ్య ధర పడిపోతుంది. అదే కాయను అటక మీద నెలల తరబడి ఎండబెట్టి కురిడీ చేసుకున్న రైతు అంబాజీపేట మార్కెట్‌కు తనకు నచ్చిన రోజున వెళ్తాడు. చెట్టు ఒకటే, కాయ ఒకటే. ఆగగలిగినవాడికి ఒక ధర, ఆగలేనివాడికి ఒక ధర. పట్నంలో ఇంటి సంగతి కూడా ఇంచుమించు ఇదే.

ఇళ్ల బేరాలకు కాలం ఎందుకు ఉంది?

మొదటి కారణం ముహూర్తాలు. మన రాష్ట్రంలో ఇళ్లు కొనేవారిలో, అమ్మేవారిలో అధికులు హిందూ సోదరులు. వారిలో చాలామంది రిజిస్ట్రేషన్‌కూ గృహప్రవేశానికీ మంచిరోజు చూస్తారు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలని ఆగుతారు. గురుమూఢం, శుక్రమూఢం వస్తే ఆగుతారు. అధికమాసంలోనూ ఆగుతారు. 2023లో ఆషాఢం జూలై 17తో ముగియగానే మర్నాటి నుంచి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం వచ్చింది. అంటే రెండు నెలలపాటు వరసగా మంచిరోజు కోసం చూసేవారు ఇంటి బేరాలకు దూరంగానే ఉన్నారు. మళ్లీ శ్రావణం, దసరా, కార్తీకం, సంక్రాంతి తర్వాత మాఘం, ఉగాది, అక్షయ తృతీయ దాకా బేరాలు జోరుగా సాగుతాయి.

రెండో కారణం బడులు. మన రాష్ట్రంలో బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. పిల్లల చదువు కోసం పట్నం మారేవారు ఆలోగా ఇంట్లో దిగిపోవాలనుకుంటారు. అందుకే ఫిబ్రవరి నుంచి మే వరకు ఇళ్లు చూడడానికి తిరిగేవారు ఎక్కువ.

మూడో కారణం చేతిలో డబ్బు. సార్వా పంట అమ్ముడయ్యాక, దాళ్వా ఇంటికి చేరాక, గల్ఫ్ నుంచి సెలవు మీద మనవాళ్లు వచ్చాక చేతిలో నాలుగు రాళ్లు ఆడతాయి. అప్పుడే బజానా ఇవ్వాలన్న ఆలోచన పుడుతుంది.

ఈ మూడూ కలిసినచోట కొనేవారు ఎక్కువ, ధర గట్టిగా ఉంటుంది. మూడూ లేనిచోట అమ్మేవారే ఫోన్ చేసి అడుగుతారు.

మనకు అపశకునపు నెల లేదు

ఇందులో మనకు ఒక వెసులుబాటు ఉంది. మంచి నెల, చెడ్డ నెల అన్నది మన దీన్‌లో లేదు. సఫర్ నెలకు అపశకునం అంటగట్టడాన్ని దైవప్రవక్త (స) కొట్టిపారేశారు. షవ్వాల్‌లో పెళ్లి అచ్చిరాదని ఆనాటి అరబ్బులు నమ్మితే, హజ్రత్ ఆయిషా (రజి) తన వివాహం ఆ నెలలోనే జరిగిందని గుర్తు చేసేవారు. అయినా మనలో కొందరు ముహర్రం అని, సఫర్ అని ఇంటి బేరం వాయిదా వేస్తుండడం చూస్తూనే ఉన్నాం. పొరుగువారి నమ్మకాన్ని గౌరవిద్దాం. దాన్ని మనం అరువు తెచ్చుకోనక్కర లేదు. రెండు రకాతుల ఇస్తిఖారా నమాజు చేసి, తెలిసినవారితో సలహా చేసి ముందడుగు వేయడమే మనకు నేర్పిన పద్ధతి.

కొనేవారికి: ఎండలో బోరు, వానలో పైకప్పు

కొనేవారికి ఆషాఢం రెండు విధాల మేలు. ఒకటి, పోటీ తక్కువ. అమ్మకందారు కూర్చుని మాట్లాడతాడు. ధర తగ్గించకపోయినా కారు పార్కింగ్ డబ్బు, అసోసియేషన్ డిపాజిట్, చిన్నచిన్న మరమ్మతులు తానే పెట్టుకోవడానికి ఒప్పుకుంటాడు. రెండోది, అసలు మేలు. ఆషాఢం వానాకాలంలో వస్తుంది. ఇంటి గుట్టు వాన రట్టు చేస్తుంది.

వేసవిలో రంగులు వేసి చూపించిన ఇల్లు అందంగానే ఉంటుంది. గోడ చెమ్మ, టెర్రస్ కారడం, లిఫ్టు గుంతలో నీరు, సెల్లార్‌లో మోకాలి లోతు బురద అప్పుడు కనపడవు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయింది. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్ పాతబస్తీ వైపు అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబానగర్‌లలో ఇళ్లలోకి నీళ్లు వచ్చి సామాన్లన్నీ పాడయ్యాయి. ఎండాకాలంలో చూసి కొన్నవారికి అక్కడ నీరు ఏ దారిన వస్తుందో ఎలా తెలుస్తుంది? 1986 ఆగస్టు గోదావరి వరదలు, 1996 నవంబరు 6 తుఫాను చూసిన మన పెద్దలకు పల్లం ఎక్కడ, మెరక ఎక్కడ అని అడగడం అలవాటు. పట్నం వెళ్లగానే ఆ అలవాటు మరచిపోతున్నాం. ఇల్లు చూసేటప్పుడు ఎదురింటివారిని, కిరాణా కొట్టాయనను "వానాకాలం ఇక్కడ నీళ్లు నిలుస్తాయా?" అని అడగండి. బ్రోకర్ చెప్పని మాట వాళ్లు చెబుతారు.

అలాగని వానలోనే చూస్తే సరిపోదు. బోరు సంగతి ఏప్రిల్, మే నెలల్లోనే తెలుస్తుంది. ట్యాంకర్ల మీద బతికే అపార్ట్‌మెంట్‌లో నెలనెలా మెయింటెనెన్స్ ఎంత పెరుగుతుందో అప్పుడే లెక్క తేలుతుంది. కాబట్టి మా సలహా ఇది: ఎండాకాలంలో చూడడం మొదలుపెట్టండి. నచ్చిన రెండు మూడు ఇళ్లను వాన పడ్డ మర్నాడు మళ్లీ వెళ్లి చూడండి. ఆషాఢంలో బేరం మాట్లాడండి. మూడు నెలలు చూసి కొన్న ఇంట్లో ముప్పై ఏళ్లు నిశ్చింతగా ఉండవచ్చు.

కాగితాలకు మాత్రం ఏ కాలమూ లేదు. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ప్లాన్ అనుమతి, రెరా నమోదు ఎప్పుడైనా చూడవలసిందే. ముఖ్యంగా 22-ఎ నిషేధిత జాబితా చూడండి. ప్రభుత్వ భూములు, దేవాదాయ భూములతోపాటు వక్ఫ్ భూములు కూడా అందులో ఉంటాయి. అల్లాహ్ పేరిట రాసిన భూమిలో తెలియక ఇల్లు కొని ఆ తర్వాత బాధపడడం మనకు రెండు లోకాలలోనూ నష్టం. హైదరాబాద్‌లోనైతే చెరువు పరిధిలో ఉందా అన్నదీ చూడాలి. 2024లో హైడ్రా ఏర్పడ్డాక కూల్చివేతలు ఎలా జరిగాయో టీవీల్లో చూశాం.

ఖర్చు లెక్క కూడా ముందే వేసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం కలిపి 7.5 శాతం. తెలంగాణలోనూ మొత్తం 7.5 శాతమే. అంటే 60 లక్షల ఇంటికి నాలుగున్నర లక్షలు. ఇది అసలు ధర, ప్రభుత్వ మార్కెట్ విలువ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. ప్రభుత్వం ఈ విలువలను అప్పుడప్పుడు సవరిస్తుంది. మన రాష్ట్రంలో 2025 ఫిబ్రవరి 1 నుంచి కొత్త విలువలు వచ్చాయి. సవరణ వార్త వినగానే జనం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు పరుగెడతారు. ఆ తొందరలో కాగితాలు చూడకుండా సంతకం పెడితే మిగిలేది వేలల్లో, పోయేది లక్షల్లో. ఇంకో మాట. నిర్మాణంలో ఉన్న ఫ్లాట్‌కు సాధారణంగా 5 శాతం జీఎస్టీ ఉంటుంది. నిర్మాణం పూర్తయిన సర్టిఫికెట్ వచ్చాక కొంటే అది ఉండదు. ఆరు నెలలు ఆగితే పూర్తయ్యే భవనమైతే రెండు ధరలూ పోల్చి చూసుకోవాలి.

అమ్మేవారికి: ఆగడానికి అయ్యే ఖర్చు

అమ్మేవారికి లెక్క తలకిందులు. మాఘం నుంచి బడులు తెరిచేదాకా ఒక కాలం, శ్రావణంలో కొన్నాళ్లు, దసరా నుంచి మార్గశిరం దాకా ఇంకొక కాలం. ఈ రోజుల్లో ఇల్లు చూడడానికి నలుగురు వస్తారు. నలుగురు వస్తే ధర నిలబడుతుంది. అయితే దసరాకు అమ్మాలంటే దసరాకు బోర్డు పెట్టడం కాదు. కాగితాలు, రంగులు, అద్దెకున్నవారికి నోటీసు, బ్యాంకు అప్పు ఉంటే దాని క్లియరెన్స్ అన్నీ ఆషాఢంలోనే ముగించుకోవాలి. పొలంలో నారు పోయకుండా ఊడ్పుకు దిగితే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఆగడం ఊరికే రాదు. ఒక లెక్క చూద్దాం. 60 లక్షల ఫ్లాట్ ఖాళీగా ఉందనుకోండి. రావలసిన అద్దె నెలకు 12,000 పోతుంది. మెయింటెనెన్స్ 2,500 చేతి నుంచి పడుతుంది. నెలకు 14,500. ఆషాఢం నుంచి దసరాకు మూడు నెలలు ఆగితే 43,500. ఆగినందుకు రెండు శాతం ఎక్కువ ధర వస్తే లక్షా ఇరవై వేలు. అప్పుడు ఆగడం లాభమే. అర శాతమే ఎక్కువ వస్తే 30,000. అప్పుడు ఆగి నష్టపోయినట్టే. ఎవరి లెక్క వారు కాగితం మీద వేసుకుంటే "పండగ తర్వాత చూద్దాం" అన్న మాట ఎంతవరకు నిజమో తేలిపోతుంది. ఆ ఇంటి మీద వడ్డీ అప్పు ఉంటే ఇక చెప్పేదేముంది? వడ్డీ నుంచి త్వరగా బయటపడడమే అన్నిటికన్నా మంచి ధర.

ఏ కాలంలో అమ్మినా లోపం దాచవద్దు. గోడ చెమ్మ ఉందని, పక్కింటితో హద్దు తగాదా ఉందని చెప్పే అమ్మాలి. ఒకరు బేరం కుదుర్చుకున్నాక ఎక్కువ ఇస్తానని ఇంకొకరు వస్తే మాట తప్పకూడదు. వేరొకరి బేరం మీద బేరం పెట్టడం దైవప్రవక్త (స) నిషేధించిన పని. బజానా తీసుకునేటప్పుడు బ్యాంకు ద్వారానే తీసుకోండి. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకుమించి నగదుగా తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నంత మొత్తం జరిమానాగా పడవచ్చు.

గల్ఫ్‌లో ఉన్నవారికి

మన దాతలలో చాలామంది కువైట్, సౌదీ, దుబాయ్, ఖతర్‌లలో కష్టపడుతున్నవారే. ప్రవాసులు వ్యవసాయ భూమి, తోట కొనడానికి నిబంధనలు ఒప్పుకోవు. అందుకే గల్ఫ్ డబ్బు ఎక్కువగా పట్నంలో ఇంటిగా మారుతుంది. వీరికి కాలం అంటే పంచాంగమూ కాదు, వానా కాదు. సెలవే కాలం. నలభై రోజుల సెలవులో పెళ్లిళ్లు, పరామర్శలు, ఆసుపత్రులు పోగా ఇల్లు చూడడానికి పది రోజులు మిగులుతాయి. విమానం టిక్కెట్ తేదీ జేబులో పెట్టుకుని బేరానికి వచ్చినవాడిని చూడగానే అవతలివాడికి సగం గెలుపు.

దీనికి మార్గం ఉంది. ఒక సెలవులో చూడండి, కాగితాల నకళ్లు వకీలుకు ఇవ్వండి. ఊళ్లో నమ్మకమైన మనిషి వాన పడ్డాక వెళ్లి మళ్లీ చూసి వీడియో పంపించాలి. రిజిస్ట్రేషన్‌కు మీరు రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ రాయవచ్చు. అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి పంపాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా దానికి స్టాంపు వేయించాలి. ఆ గడువు దాటితే మళ్లీ మొదటికి వస్తుంది. ఇంకొక హెచ్చరిక. మీరు కొనే ఇంటికి "జీపీఏ రాసిస్తాను, అదే అమ్మకం" అని ఎవరైనా అంటే నమ్మకండి. అలాంటి కాగితంతో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులోనే స్పష్టంగా చెప్పింది. రిజిస్టర్ అయిన అమ్మకపు దస్తావేజు ఉండాలి.

అమ్మే ప్రవాసులకు అన్నిటికన్నా ముఖ్యమైన కాలం మార్చి 31. ఎలాగో చూడండి. 2015లో 30 లక్షలకు కొన్న ఇల్లు ఇప్పుడు 60 లక్షలకు అమ్మారనుకుందాం. లాభం 30 లక్షలు. 2024 జూలై 23 నుంచి వచ్చిన నిబంధన ప్రకారం రెండేళ్లకు మించి ఉంచుకున్న ఇంటి లాభం మీద పన్ను 12.5 శాతం, అంటే 3,75,000, దానిపై సెస్సు. ఆ తేదీకి ముందు కొన్న ఇంటికి ధరల పెరుగుదల సర్దుబాటు చేసుకుని 20 శాతం కట్టే పద్ధతిని ఎంచుకునే వీలు దేశంలో నివసించేవారికి ఉంది. ప్రవాసులకు లేదు. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకొకటి. దేశంలో ఉన్నవారి దగ్గర 50 లక్షలు, ఆపైన ధర ఉన్న ఇల్లు కొన్నవారు 1 శాతమే టీడీఎస్ పట్టుకుంటారు. ప్రవాసి దగ్గర కొన్నవారు మాత్రం లాభం మీద కాదు, మొత్తం ధర మీదనే పట్టుకోవలసి వస్తుంది. 60 లక్షల మీద అది ఏడున్నర లక్షలకు పైమాటే. కట్టవలసిన దానికి ఇది దాదాపు రెట్టింపు.

ఎక్కువ పట్టుకున్న డబ్బు రిటర్ను వేశాకే తిరిగి వస్తుంది. ఫిబ్రవరిలోనో మార్చిలోనో అమ్మితే రిటర్ను జూలైలోగా వేసేయవచ్చు. ఏప్రిల్‌లో అమ్మితే ఆ ఆర్థిక సంవత్సరం ముగిసేదాకా ఆగి, మరుసటి ఏడు వేయాలి. నెల రోజుల తేడాతో మీ డబ్బు ఏడాది అక్కడే ఇరుక్కుపోతుంది. దీనికి మందు, అమ్మకానికి ముందే ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోవడం. అది చేతికి రావడానికి వారాలు పడుతుంది. కాబట్టి బేరం కుదరకముందే ఆడిటర్‌ను కలవండి. ఆ లాభంతో రెండేళ్లలోగా ఇక్కడే మరో ఇల్లు కొనేవారికి మినహాయింపు కూడా ఉంది. దాని వివరాలూ ఆయన్నే అడగండి.

క్యాలెండర్‌లో లేని కాలాలు

ఆషాఢం ఒక నెల ఉండి పోతుంది. దానికన్నా పెద్ద కాలాలు చెప్పకుండా వస్తాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌లోకి చొరబడినప్పుడు లక్షన్నరకు మించి భారతీయులు ఉన్నవి వదిలేసి తిరిగొచ్చారు. 2016 నవంబరు 8 నోట్ల రద్దు తర్వాత కొన్ని నెలలు ఇళ్ల బేరాలు చతికిలపడ్డాయి. 2020 మార్చి లాక్‌డౌన్‌లో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులే మూతపడ్డాయి. అమరావతి కథ అందరికీ తెలిసిందే. 2014లో రాజధాని ప్రకటనతో విజయవాడ, గుంటూరు మధ్య స్థలాల ధరలు ఆకాశానికి ఎగిరాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే చల్లబడ్డాయి. 2024 జూన్ తర్వాత మళ్లీ కదలిక వచ్చింది. అక్కడ ఏ నెలలో కొన్నారన్నది కాదు, ఏ సంవత్సరంలో అమ్మక తప్పలేదు అన్నదే మనుషుల జాతకం మార్చింది.

ఇవేవీ మన చేతిలో లేవు. ఆ సమయంలో అమ్మవలసిన అవసరం రాకుండా చూసుకోవడం కొంతవరకు మన చేతిలో ఉంది. ఉన్నదంతా ఇంట్లోనే పోసేయకుండా ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉంచుకున్నవారు ఆ రోజులను దాటగలిగారు. మొత్తం పోసి, పైగా అప్పు చేసినవారు వచ్చిన ధరకు అమ్ముకున్నారు.

జకాత్ తేదీ, వారసుల వాటా

ఇంటి బేరం తేదీకి జకాత్ లెక్కకూ సంబంధం ఉంది. మీరు ఉంటున్న ఇంటికి జకాత్ లేదు. అద్దెకిచ్చిన ఇంటి విలువ మీద లేదు, మిగిలిన అద్దె డబ్బు మీద ఉంటుంది. లాభానికి అమ్మాలనే ఉద్దేశంతోనే కొన్న ఇల్లు మాత్రం వ్యాపార సరుకు కిందికి వస్తుంది. ఏటా జకాత్ రోజున ఉన్న మార్కెట్ ధర మీద రెండున్నర శాతం ఇవ్వాలి. ఇల్లు కొనాలని దాచిన డబ్బు నిసాబ్ దాటి చాంద్రమాన సంవత్సరం నిండితే దాని మీదా ఉందని ఎక్కువమంది ఉలమాలు చెబుతారు. పది లక్షలకు 25,000. ఇల్లు అమ్మిన 60 లక్షలు జకాత్ రోజున మీ దగ్గర ఉంటే లక్షన్నర. మంచి ధర కోసం నెల మార్చుకోవడం తప్పు కాదు. పేదవాడి హక్కు ఎగ్గొట్టడానికి తేదీ మార్చుకుంటే అల్లాహ్‌కు తెలియదా? సందేహం ఉన్నవారు తమ లెక్కతో ముఫ్తీ సాహెబులను అడగాలి. హిజ్రీ సంవత్సరం ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి జకాత్ తేదీ, మార్చి 31 ఎప్పుడూ ఒకేలా ఉండవు. 2025లో మార్చి 30న ఉగాది, 31న మన ఈద్, అదే రోజు ఆర్థిక సంవత్సరం ముగింపు వచ్చాయి. అలా కలవడం అరుదు. రెండు లెక్కలూ వేరువేరు పుస్తకాల్లో రాసుకోవడమే మేలు.

వారసత్వపు ఇల్లయితే కాలం సాకు అసలు చెప్పకూడదు. "ధర వచ్చాక అమ్మి పంచుకుందాం" అని అన్నదమ్ములు ఇంట్లో ఉంటూ ఆడబిడ్డల వాటా ఏళ్ల తరబడి ఆపిన సందర్భాలు మా దృష్టికి వచ్చాయి. ఆడబిడ్డ వాటా మంచి సీజన్ కోసం ఆగే సరుకు కాదు. పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు, కొడుకు వాటాలో సగం కూతురికి అని దైవాజ్ఞ ఉంది. ఇల్లు అమ్మడం ఆలస్యమయ్యేలా ఉంటే వాటాలు ముందుగా రాసుకుని, వచ్చే అద్దెనైనా ఆ ప్రకారం పంచండి. వారసులలో మైనర్లు ఉంటే వారి వాటా అమ్మడానికి తల్లి సంతకం చాలదు, కోర్టు అనుమతి కావాలి. అది నెలల పని. ముందుగా మొదలుపెట్టాలి.

ఆగలేనివారి మాట

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం.

కొన్నేళ్ల కిందట ఒక ఆపా మా దగ్గరికి వచ్చారు. భర్త గల్ఫ్‌లో ఉండగా ఆమె పేరునే పట్నంలో చిన్న ఫ్లాట్ కొన్నారు. ఆయన జబ్బుపడి తిరిగొచ్చి కొద్ది నెలల్లోనే అల్లాహ్ సన్నిధికి చేరారు. ఆసుపత్రికి చేసిన చేబదుళ్లకు జనం గుమ్మం ముందు నిలబడ్డారు. అవి ఆషాఢం రోజులు. వచ్చిన ఒకే ఒక్క బేరానికి, మూడు వారాల్లో, ఆమె ఆ ఫ్లాట్ అమ్మేశారు. కొన్నవారికి ఆమె అవసరం తెలుసు. ఆ ఏడు దసరా వెళ్లాక అదే భవనంలో అంతే ఫ్లాట్ నాలుగు లక్షలు ఎక్కువకు అమ్ముడుపోయింది. ఆమె మా దగ్గరికి వచ్చింది ఇల్లు అమ్మడానికి సలహా కోసం కాదు, అమ్మేశాక పిల్లల ఫీజు కోసం. ఆ ఫీజు మీరిచ్చిన విరాళాల నుంచే కట్టాం. తర్వాత కూర్చుని ఆలోచించాం. నాలుగు నెలల ముందు లక్షన్నర చేబదులు దొరికి ఉంటే ఆమె ఎవరినీ చేయి చాపి అడగవలసి వచ్చేది కాదు.

అందుకే ఆ తర్వాత అలాంటి పరిస్థితిలో మరో కుటుంబం వచ్చినప్పుడు మేము దానం ఇవ్వలేదు. కాగితం రాసుకుని, ఇద్దరు సాక్షుల సంతకాలతో వడ్డీ లేని ఖర్జె హసనా ఇచ్చాం. వారు తొందర లేకుండా కాగితాలు సరిచేసుకున్నారు, ఇంటికి రంగులు వేయించారు, దసరా తర్వాత అమ్మారు. అమ్మిన వారంలో సొమ్ము తిరిగి జమ చేశారు. అదే సొమ్ము ఇప్పుడు ఇంకొకరి దగ్గర ఉంది.

కాబట్టి మంచి కాలం ఏది అని అడిగిన పెద్దలకు మా జవాబు ఇది. కొనేవారైతే ఎండలో ఒకసారి, వానలో ఒకసారి చూసి ఆషాఢంలో బేరమాడండి. అమ్మేవారైతే ఆషాఢంలో కాగితాలు సర్దుకుని దసరాకు గానీ మాఘానికి గానీ సిద్ధంగా ఉండండి. గల్ఫ్‌లో ఉన్నవారు మార్చి 31ని మరవకండి. వీటన్నిటికీ ముందు, ఆగగలిగే స్థితిలో ఉండండి. అవసరంలో ఉన్నవారి ఇల్లు చవకగా వస్తోందని మీ చెవిన పడితే, కొనేముందు ఒకసారి మాకు కబురు చేయండి. నాలుగు నెలల చేబదులుతో ఆ ఇల్లు సరైన ధరకు అమ్ముడయ్యే దారి ఉందేమో కలిసి చూద్దాం.

మనందరికీ హలాల్ సంపాదన, నీడనిచ్చే గూడు, అప్పు లేని నిద్ర అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.